ఫ్యాన్ల ఆడోళ్లు

కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని పెద్దలంటారు. ఆ పెద్దలు గూడూరు వాళ్లయి ఉండరు. మా ఊళ్లో ఎవరైనా ఆసుపత్రికో బడికో ఒక ట్యూబులైటు ఇస్తే, దాని మీద తాత పేరు, తండ్రి పేరు, తన పేరు, చివర ఊరి పేరు రాయించి మరీ ఇస్తారు. అక్షరాలు పోగా మిగిలిన సందుల్లోంచి వెలుతురు వస్తుంది.

ఎగతాళికి చెప్పడం లేదు. ఆ సందుల్లోంచి వచ్చిన వెలుతురుతోనే మా పిల్లల ఆసుపత్రి నడుస్తోంది. ఆ పేర్లన్నీ దగ్గరుండి రాయించింది మేమే. అందుకే ఊళ్లో మమ్మల్ని ఫ్యాన్ల ఆడోళ్లు అంటారు. మా సంఘానికి అసలు పేరంటూ లేదు. పెట్టాలని మొదటి మీటింగులోనే అనుకున్నాం. అప్పటి నుంచి ప్రతి మీటింగులోనూ అదే చివరి అంశం. చివరికి వచ్చేసరికి ఎవరో ఒకరికి పొయ్యి మీద పాలు గుర్తొస్తాయి.

నేను ముప్పై నాలుగేళ్లు గూడూరు జంక్షన్‌లో రిజర్వేషన్ కౌంటర్ వెనక కూర్చున్నాను. పేరు, వయసు, ఆడా మగా, ఎక్కడికి. రోజుకి కొన్ని వందల సార్లు ఇవే మాటలు. రిటైరైన నెలకి ఇంట్లో వాళ్లని కూడా అదే గొంతుతో మాట్లాడిస్తున్నానని మా ఆయన అన్నాడు. ఆ మాటకి నాకు కోపం వచ్చింది. సరిగ్గా ఆ కోపం మీద ఉన్నప్పుడే హిందీ టీచరు గారు మా గుమ్మంలోకి వచ్చి, ఆసుపత్రికి చందాలు వసూలు చేయడానికి ఆడవాళ్లం కొందరం కలుస్తున్నాం, మీరూ రండి అన్నారు. కోపంలో సరే అన్నాను. సేవాభావం ఉన్న మనిషినని తర్వాత చాలామంది మైకులో చెప్పారు. నేను ఖండించలేదు.

ఆసుపత్రి అంటే అప్పటికి ఒక పాత గోడౌను. అభ్రకం వ్యాపారం జోరుగా ఉన్న రోజుల్లో అక్కడ మైకా మూటలు దాచేవారట. కాకిబంగారం అంటామే, అది. ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరైన పిల్లల డాక్టరు గారొకాయన దాన్ని అద్దెకి తీసుకుని, సున్నం వేయించి, ఎనిమిది మంచాలు వేశారు. ఎన్నిసార్లు కడిగినా నేల సందుల్లోంచి ఆ పొడి వస్తూనే ఉండేది. బిడ్డని ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చున్న తల్లులు లేచి నిలబడితే చీరల వెనక భాగం తళతళ మెరిసేది. ఇంట్లో జ్వరం పిల్లతో ఉండి జరీ చీర కట్టావేమే అని ఒక అత్తగారు కోడల్ని నిలదీయడం నా చెవులారా విన్నాను.

మొదట్లో ఐదుగురం. ఒకామె కూతురి పురిటికి బెంగుళూరు వెళ్లి అక్కడే ఉండిపోయింది. ఇంకొకామె, ఇంటింటికీ తిరిగి అడుక్కోవడం ఏంటని వాళ్లాయన అంటే మానేసింది. మిగిలింది హిందీ టీచరు గారు, నేను, టైలరక్క.

టైలరక్కది చిల్లకూరు దగ్గర పల్లె. వరి పండించుకునే ఇంట్లో పుట్టి, వరి పండించుకునే ఇంటికే కోడలిగా వచ్చి, ఆ రెండెకరాలతో జరగక కుట్టుమిషను ముందు కూర్చుంది. నాకన్నా పదేళ్లు చిన్న. అయినా ఊరంతా ఆమెని అక్కా అంటుంది కాబట్టి నేనూ అనేదాన్ని, ఆమె నన్ను అక్కా అనేది. ఎవరు ఎవరికి అక్కో తేలకుండానే ఇన్నేళ్లు గడిచాయి.

మొదటి మీటింగు ఆమె కొట్లోనే జరిగింది, ఎందుకంటే ఆమెకి పండగ జాకెట్ల గడువుంది. ఎందుకొచ్చామో ఒక్కొక్కరూ చెప్పాలని టీచరు గారు అన్నారు. బడిలో అలవాటు. టీచరు గారు సమాజం గురించి చెప్పారు. నేను పొద్దు పోవడం లేదని చెప్పాను. టైలరక్క మిషను ఆపకుండా చెప్పింది.

"నాకు తొలికాన్పు ఆడబిడ్డ. మూడోరోజుకి ఒళ్లంతా పచ్చబడింది. ఎండలో పెట్టమన్నారు, పెట్టినాము. నాలుగోరోజు పాలు పట్టలా. కామెర్లు ముదిరినాయి, నెల్లూరులో నీలం లైటుండాది, దాని కింద పండబెడితే దిగిపోతాయి, తీసుకపొమ్మన్నారు. ఐదోరోజు పొద్దున బస్సెక్కినాము. సగం దారిలో, మనుబోలు కాడనే అయిపోయింది. బస్సులో ఎవురికీ చెప్పలా. చెప్తే దించేస్తారని భయం. టికెట్ నెల్లూరు దాకా తీసుండాము గదా, నెల్లూరు దాకా పోయినాము. అదే బస్సులో మళ్లా వచ్చినాము."

ముప్పై ఏళ్ల నాటి మాట అది. దారం తెగితే మళ్లీ ఎక్కించి, ఇంకో మాట అంది. "నేను ఏ పనైనా చేస్తా. ఆసుపత్రికి ఏమొచ్చినా ఎవురి పేరైనా రాసుకోండి. ఆ నీలం లైటు మన ఊరికి వచ్చిన రోజు మాత్రం దాని మీద మా బిడ్డ పేరుండాల. నాకింకేం వద్దు."

టీచరు గారు దాన్ని మినిట్స్ పుస్తకంలో తీర్మానంగా రాశారు. అందరం సంతకాలు పెట్టాం. నేను ఆ రాత్రి అన్నం తినలేదు. ఆకలి లేదని ఇంట్లో అబద్ధం చెప్పాను. ఆ టికెట్ మాటే గుర్తొస్తూ ఉంది.

అడగందే అమ్మయినా పెట్టదని బయలుదేరాం. అడిగితే పెట్టని వాళ్లు చాలామంది ఉన్నారని వారంలో తెలిసింది. రసీదు పుస్తకం చూడగానే ఇంటి యజమాని ఇంట్లో లేకుండా పోయేవాడు. ఒకాయన కిటికీలోంచి మాతో చాలాసేపు మాట్లాడి, తను ఇంట్లో లేనని చెప్పి పంపాడు. నిమ్మకాయల మార్కెట్లో మాత్రం కాదనలేదు. కొట్టుకో బుట్ట చొప్పున కాయలిచ్చారు. ఆ రోజు ధర పడిపోయి ఉంది.

ఆ కాయలన్నీ నా వాకిట్లోనే తరిగి ఊరగాయ పెట్టాం. జాడీలు చాలక కొత్త బకెట్లు కొన్నాం. తర్వాత అమ్మబోయాం. గూడూరులో నిమ్మకాయ ఊరగాయ లేని ఇల్లు లేదన్న సంగతి, ముగ్గురికి కలిపి నూట డెబ్భై ఏళ్లకి పైబడిన అనుభవం ఉన్న మాకు, ఆ బకెట్ల ముందు నిలబడ్డాక తట్టింది. కొనకపోగా రుచి చూసి తప్పులు చెప్పారు. మెంతిపిండి ఎక్కువైందని ఒకామె, మా అమ్మ బెల్లం వేసేదని ఒకామె.

చివరికి ముత్తుకూరు వైపు కరెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఉత్తరాది కుటుంబాలుండే కాలనీకి ఆటోలో తీసుకుపోయాం. టీచరు గారి హిందీ జీవితంలో మొదటిసారి ఒక పనికొచ్చిందని ఆమే అన్నారు. అక్కడి ఆడవాళ్లు ఒక్క పూటలో మొత్తం కొన్నారు. వాళ్లు ఎలా తినాలో తెలియక చపాతీలో కూరలా పెట్టుకుని తిన్నారని తర్వాత కబురొచ్చింది. మళ్లీ ఎవరూ అడగలేదు. ఆ ఊరగాయతో ఆసుపత్రికి తూకం యంత్రం వచ్చింది. దాని మీద ఎవరి పేరూ లేదు. ఇప్పటికీ అది ఒక్కటే అనాథ.

దారి చూపించింది ఒక రైతు. నిమోనియాతో వచ్చిన మనవడు తేరుకుని ఇంటికి పోతుంటే, ఆయన డాక్టరు గారి దగ్గరికొచ్చి, మా నాయన పేరుతో ఒక ఫ్యాను ఇస్తాను, రెక్కల మీద రాయించుకోవచ్చా అని అడిగాడు. డాక్టరు గారు మమ్మల్ని పిలిచి కనుక్కున్నారు. రాయించుకోవచ్చు అన్నాం. అంతే, మరుసటి నెలకి ఫ్యాన్లు మొదలయ్యాయి. ముందటి ఏడాది మా రసీదు పుస్తకం చూసి మాయమైన వాళ్లే ఫ్యాను పెట్టె భుజాన వేసుకుని వచ్చారు. వాళ్లకి ఇవ్వడానికి అభ్యంతరం ఎప్పుడూ లేదు. ఇచ్చింది కనబడాలి, అంతే. రసీదు జేబులో ఉంటుంది. ఫ్యాను నెత్తి మీద తిరుగుతుంది.

తిరుగుతుందనేదే చిక్కు. ముగ్గురు అన్నదమ్ములు కలిసి ఒక ఫ్యాను ఇచ్చారు. రెక్కకి ఒకరి పేరు. ప్రారంభోత్సవానికి చుట్టాలందరితో వచ్చి స్విచ్ వేశారు. ముగ్గురూ మాయం. పెద్దాయన వెంటనే ఆపమన్నాడు. మే నెల. ఆగిన ఫ్యాను కింద ఉపన్యాసాలు జరిగాయి, ఫొటోలు దిగారు, తల పైకెత్తి ఎవరి రెక్క వాళ్లు చదువుకున్నారు. ముప్పావుగంట తర్వాత, ఇక వేసుకోండి అన్నారు. అప్పటికి కరెంటు పోయింది.

ఎనిమిది మంచాల గదిలో పదహారు ఫ్యాన్లయ్యాయి. అన్నీ వేస్తే జ్వరం పిల్లలకి వణుకు, ఏదైనా ఆపితే దాత చుట్టాలకి కోపం. ఏ ఫ్యాను ఏ పూట తిరగాలో నేను టైంటేబుల్ రాసి గోడకి అంటించాను. రైల్వేలో పనిచేసినందుకు అదొక్కటి బాగా వచ్చింది. ఫ్యాన్లు చాలని చెప్పాక మంచాలు, బెంచీలు, సెలైన్ స్టాండ్లు, బకెట్లు, తలుపులు మొదలయ్యాయి. ప్రతిదాని మీదా పేరే. ఒక పల్లెటూరి తల్లి గోడలన్నీ చదువుకుంటూ వచ్చి, ఇన్ని పేర్లున్నాయి, డాక్టరు గారి పేరు యాడుందక్కా అని నన్నడిగింది. ఆయన పేరు లేదు. ఆయన ఏమీ దానం చేయలేదు కదా.

మరుగుదొడ్లకి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. రెండేళ్లు చూశాం. చివరికి ఒకాయన వచ్చి, రెండూ నేనే కట్టిస్తాను, పేరు మాత్రం మా తమ్ముడిది రాయాలి అన్నాడు. తమ్ముడి జ్ఞాపకార్థమా అని టీచరు గారు నొచ్చుకుంటూ అడిగారు. కాదు, బతికే ఉన్నాడు, మా ఇద్దరికీ పొలం గట్టు తగాదా కోర్టులో ఉంది అన్నాడు. పేరు రాశాం. తమ్ముడు కూడా వచ్చి చూసుకుని, మా అన్న ఇన్నాళ్లకి నా పేరు తలిచాడని సంతోషపడి పోయాడు.

ఈ ఆరేళ్లూ టైలరక్క ఆసుపత్రికి దుప్పట్లు కుట్టింది, దిండు గలీబులు కుట్టింది, పసిపిల్లల జుబ్బాలు కుట్టి అమ్మిపెట్టింది. ఒక్క గలీబు మీద కూడా తన పేరు కుట్టుకోలేదు. నీలం లైటు సంగతి ఆమె ఎత్తేది కాదు. నెలకి ఇద్దరో ముగ్గురో పచ్చబడిన పసిపిల్లలు వచ్చేవారు, డాక్టరు గారు నెల్లూరు రాసి పంపేవారు. ఆ పూట ఆమె ఆసుపత్రిలో ఉంటే, చేతిలో పని పక్కనపెట్టి గేటు దాకా వెళ్లి, అంబులెన్సు మలుపు తిరిగేదాకా చూసి వచ్చేది. వచ్చి మళ్లీ పనిలో కూర్చునేది.

యంత్రం ఒక్కటే అయితే ఎలాగో కొనేవాళ్లం. దానికి వేరే గది కావాలి, గదికి ఏసీ కావాలి, కరెంటు పోతే ఆగకుండా ఇన్వర్టరు కావాలి, రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండడానికి సిస్టర్లు కావాలి. ఫ్యానిచ్చే చేతులు అక్కడిదాకా సాగవు. ఎవరైనా ఒక్కరే మొత్తం ఎత్తుకోవాలి.

ఎత్తుకుంటానని నిమ్మకాయల కమిషను వ్యాపారి ఒకాయన వచ్చాడు. గది, ఏసీ, ఇన్వర్టరు, యంత్రం, రెండేళ్లు సిస్టర్ల జీతం. అంతా విని మేము నోరు తెరిచాం. షరతు ఒక్కటే. లైటు మీద వాళ్లమ్మ పేరు ఉండాలి. గది మీద రాద్దాం, గుమ్మం మీద రాద్దాం, నాలుగు గోడల మీదా రాద్దాం, లైటు ఒక్కటి వదిలెయ్యండి అని నేనన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "గది మీద ఉంటే దారిన పోయేవాళ్లు చూస్తారమ్మా. లైటు మీద ఉంటే బిడ్డని బతికించుకున్న తల్లి చూస్తాది. నాకా చూపు గావాల" అన్నాడు. నిమ్మకాయలమ్మే మనిషి అంత బాగా మాట్లాడతాడని నేననుకోలేదు. అదే నాకు మరీ కోపం తెప్పించింది.

ఆ సాయంత్రం టైలరక్క కొట్లో కూర్చున్నాం. టీచరు గారు మినిట్స్ పుస్తకం తెరిచి ఆ తీర్మానం ఉన్న పేజీ దగ్గర వేలు పెట్టుకుని మూసేశారు. నేను ఒప్పుకోనన్నాను. సంతకాలు పెట్టాం, మాటంటే మాటే, ఇంకో దాత కోసం చూద్దాం అన్నాను. గట్టిగానే అన్నాను. పక్కన ఇస్త్రీ బండి వాడు కూడా తొంగి చూశాడు.

టైలరక్క మిషను ఆపింది. ఆమె మిషను ఆపి మాట్లాడటం నేను చూసింది అప్పుడే. "ఎన్నాళ్లు చూస్తావక్కా. నిన్నగాక మొన్న కూడా ఒక బిడ్డని నెల్లూరుకి పంపిచ్చినాము. ఆ బిడ్డ మనుబోలు దాటిందో లేదోనని నేను రాత్రంతా పండుకోలా. పేరు కోసరం ఇంకో బిడ్డని బస్సెక్కిస్తామా? ఆ పెద్దామె పేరే రాయండి."

ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచాను. ఆయన ఎందుకని అడగలేదు.

వ్యాపారికి సరేనని కబురు పెట్టాం. మూడు నెలల్లో గది తయారైంది, యంత్రం పెట్టెలో వచ్చింది. అక్షరాలు రాయడానికి బోర్డుల సాయిబుని పిలిచాం. ఆసుపత్రిలో ప్రతి రెక్క, ప్రతి బకెట్టు ఆయన చేతి మీదుగా పోయిందే. అక్షరానికింత అని తీసుకుంటాడు. ఆ రోజు వ్యాపారి వాళ్లమ్మ తన పేరు ఎక్కడ పడుతుందో చూసుకుంటానని కొడుకుని వెంటబెట్టుకుని ఆటోలో దిగింది. ఎనభై దాటిన మనిషి. మోకాళ్లు సహకరించవు, నోరు సహకరిస్తుంది.

గది చూసింది, ఏసీ కింద నిలబడి చలేసిందని ఆపించింది, నీలం లైటు వేయించి చెయ్యి పెట్టి చూసింది. పక్కన, ఆ వెలుగు పడకుండా పసిపిల్లల కళ్లకి కట్టే గుడ్డ పట్టీలు పెడుతున్న టైలరక్కని చూసి, ఈమె ఎవురు, ఏడస్తా ఉందేంది అంది. టైలరక్క ఏడవడం లేదు. కానీ ఆ వయసు వాళ్లకి ఒక్కోసారి ముందే కనపడుతుందేమో. టీచరు గారు దాచలేకపోయారు. మొత్తం చెప్పేశారు, తీర్మానంతో సహా.

పెద్దామె కొడుకు వైపు తిరిగింది. "నా పేరు రేషన్ కార్డులో ఉండాది. ఓటర్ల లిస్టులో ఉండాది. ఆధారులో తప్పుగానన్నా ఉండాది. మీ నాయన కట్టిన ఇంటి మీద ఉండాది, నీ కొట్టు మీద ఉండాది. ఇంకా యాడ రాయిస్తావురా నా పేరు? ఆ బిడ్డది యాడుంది?" కొడుకు ఏదో అనబోతే, నువ్వుండు అంది. నిమ్మకాయల మార్కెట్టంతా భయపడే మనిషి చెప్పులు విడిచిన చోటు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె మళ్లీ అంది, "నా పేరు తలుపు మీద రాయండి చాలు. ఆ మరుగుదొడ్ల మీద తప్ప యాడన్నా నాకు సమ్మతమే."

తర్వాత టైలరక్కని దగ్గరికి పిలిచి, మామూలుగా, పెళ్లిలో ఎదురైన పిల్లని అడిగినట్టు అడిగింది. "ఏం పేరు మే, బిడ్డది?"

ఆరేళ్లలో ఆ మాట మేమెవరం అడగలేదని ఆ క్షణంలో నాకు తెలిసింది. నా ఉద్యోగమే పేరు అడగడం. ఐదేళ్ల లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు, అయినా ఫారంలో పేరు రాయాలి, రాయని వాళ్లని ముప్పై నాలుగేళ్లు లైన్లో వెనక్కి పంపాను. ఈమెని మాత్రం అడగలేదు. ఆమెకి బాధ కలగకూడదని అనుకున్నాను. అది నిజం కాదు. నాకు భయం. ఆ పేరు వింటే ఆ బిడ్డ నాకు కూడా తెలిసిన బిడ్డ అయిపోతుంది.

టైలరక్క చేతిలో పట్టీ మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టింది.

"పేరు లేదవ్వా" అంది. "మా అత్త వాళ్లమ్మ పేరు పెట్టాలన్నాది. మా నాయన మా ఊరి అమ్మవారి పేరన్నాడు. పురిటింట్లోనే పోట్లాడుకున్నారు. సరే, ఇరవై ఒకటోరోజుకి తేల్చుకుందాంలే అన్నారు. బిడ్డ ఐదురోజులే ఉన్నింది."

లైటు వచ్చేలోపు ఏదో ఒకటి తోస్తుందని అనుకున్నదట. ఆరేళ్లు కుడుతూ అదే ఆలోచించిందట. ఏదీ తోచలేదట. టీచరు గారు ముక్కు తుడుచుకుని, ఇప్పుడు పెట్టుకోవచ్చు కదమ్మా అని మంచి పేర్లు నాలుగైదు చెప్పారు. మా సంఘానికి పెడదామని దాచుకున్న పేర్లే అవి. టైలరక్క తల అడ్డంగా తిప్పింది.

"ఆ పేర్లతో నేను పిలవలేదు మేడం. పిలవని పేరు రాస్తే అది ఎవురి బిడ్డో అవుద్ది."

"మరి ఏమని పిలిచినావు?" అంది పెద్దామె.

"పాపా అనేదాన్ని."

"అదే రాయండి" అంది పెద్దామె. కొడుకు భుజం పట్టుకుని ఆటో దగ్గరికి వెళ్లిపోయింది.

సాయిబుకి ఇది అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. జీవితంలో అంత చిన్న పని ఆయనకెప్పుడూ రాలేదు. ఇంటిపేరు ఏందమ్మా అన్నాడు. లేదన్నాం. తండ్రి పేరు, ఊరు, ఏమైనా? లేదన్నాం. పెద్దామె పేరుకి, ఆమె భర్త పేరుకి, ఊరికి కలిపి మూడు వరుసలకి సరిపోయేలా లైటు పైన తెల్ల రేకు అమర్చి ఉంచాడు. ఆ రేకు నిండా రెండే అక్షరాలు రాయాల్సి వచ్చింది. బస్సు మీద ఊరి పేరంత పెద్దగా రాశాడు. ఎర్ర రంగు, నల్ల అంచు. పని అయ్యాక డబ్బు ఎంత అని అడిగితే, రెండచ్చరాలకి ఏం తీసుకోనమ్మా, అందులోనూ ఒకటే అచ్చరం, ఒకదానికి దీర్ఘం అన్నాడు. బ్రష్షులు కడుక్కుని, లైటు దగ్గరికి మళ్లీ వచ్చి ఒక్క నిమిషం నిలబడి పోయాడు.

టైలరక్క ఆ రోజు దాని ముందు నిలబడింది, చదివింది. ఫొటో దిగమంటే వద్దంది. కుట్టాల్సిన జాకెట్లున్నాయని వెళ్లిపోయింది. నాకు వెలితిగా అనిపించింది. ఆరేళ్ల కష్టానికి ఇంతేనా అనిపించింది. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెత మా ఊరి దాతలకి ఎన్నోసార్లు వాడాను. ఇక్కడ పేరే లేదు. మేము చేసింది ఒక పసిపిల్లని ఆసుపత్రిలో అందరు పసిపిల్లల్లో కలిపేయడమే కదా అని కూడా అనిపించింది. ఆ సంగతి టీచరు గారితో అంటే, నీకు ఏదీ నచ్చదు అన్నారు. అది నిజమే.

సిస్టర్లు కొత్తగా వచ్చారు. ఇద్దరూ ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల పిల్లలు, ఈ కథలేవీ తెలియవు. ఆసుపత్రిలో ప్రతి వస్తువునీ దాని మీద ఉన్న పేరుతోనే పిలవడం వాళ్లకి మిగతా స్టాఫ్ నేర్పించారు. అన్నదమ్ముల ఫ్యాను, తమ్ముడి దొడ్డి, ఇట్లా. నీలం లైటు మీద రాసి ఉన్నదాన్ని బట్టి అది పాప అయింది. పాపని తుడిచారా, పాప వేడెక్కుతోంది కాసేపు ఆపండి, ఈ బాబుని రెండురోజులు పాప దగ్గర ఉంచండి. పచ్చగా వచ్చిన పిల్లలు మామూలు రంగుకి తిరిగి ఇంటికి పోతున్నారు. నెల్లూరు రాసి పంపడం అరుదైపోయింది.

పోయిన నెలలో ఒకరోజు పొద్దున టైలరక్కా నేనూ ఆసుపత్రికి వెళ్లాం. కొత్త కంటి పట్టీల కట్ట ఆమె చేతిలో ఉంది. లోపల కవల పిల్లల్లో ఒకరికి లైటు నడుస్తోంది కాబట్టి, సిస్టరు తలుపు సగం తెరిచి పట్టీలు అందుకుంది. టైలరక్క లోపలికి ఒకసారి తొంగి చూడబోయింది.

"ఇప్పుడు కాదక్కా" అంది సిస్టరు. "పాప డ్యూటీలో ఉంది. సాయంత్రం రండి." తలుపు వేసుకుంది.

టైలరక్క మూసిన తలుపు ముందు నుంచి నా వైపు తిరిగింది. కళ్లనిండా నీళ్లు, మొహం మాత్రం కొత్తగా ఉద్యోగం వచ్చిన పిల్ల తల్లి మొహం.

"ఇన్నావా అక్కా" అంది, "డ్యూటీలో ఉండాదంట."

విన్నాను అన్నాను.